కాళ్ళు ముందు, మనస్సు వెనుక

గోదావరి సీమలో కుంగుబాటు తన సొంత పేరుతో వచ్చుట అరుదు. అది నీరసమను పేరుతో వచ్చును. తలదిమ్మను పేరుతో, గుండెదడ యను పేరుతో, అన్నము సయింపకపోవుట యను పేరుతో వచ్చును. నలుగురిలో చెప్పుకొన్నను పరువునకు భంగము కలిగింపని దేహబాధ యేది దొరకినను దాని చాటున ఒదిగి వైద్యుని వాకిట కూర్చుండును. ఊరి ఆర్.ఎం.పి. డాక్టరుగారు బలమునకు సూదిమందు వేయుదురు. సెలైను సీసా యొకటి ఎక్కింతురు. రోగి రెండు దినములు తెప్పరిల్లినట్లే యుండి మూడవనాడు మరల మంచమెక్కును. ఎవరైనను ప్రక్కన కూర్చుండి, తొందరపడక, అడుగవలసిన తీరున అడిగినప్పుడు మాత్రము కొంతసేపు నసిగి, పైపంచె కొంగు సవరించుకొని, అసలు మాట బయట పెట్టును: "ఏ పనీ చెయ్యబుద్ధి కావడం లేదండి." ఈ అధ్యాయమంతయు ఆ యొక్క వాక్యమును గూర్చినదే.

ఆ వాక్యములో, చెప్పినవాడు ఎరుగకయే, ఒక సిద్ధాంతము దాగియున్నది. ముందు బుద్ధి పుట్టవలెను, పిదప పని జరుగవలెను అనునది ఆ సిద్ధాంతము. ఆరోగ్యవంతుని విషయమున ఇది చాలవరకు సత్యమే. ఆకలి వేసినవాడు వంటయింటివైపు నడచును, చూడవలెనని తోచినవాడు చుట్టాలింటికి బయలుదేరును. కాని విషాదము ప్రవేశించిన దేహమున ఈ వరుస తెగిపోవును. తెగిపోయినదని తెలియక, నేడు కాకున్న రేపు, రేపు కాకున్న పౌర్ణమి వెళ్ళిన తరువాత, ఉత్సాహము తనంత తాను వచ్చునని నిరీక్షించువాడు, వంతెన కట్టి పంటు మానివేసిన రేవులో గొడుగు ప్రక్కన పెట్టుకొని ఎదుటి యొడ్డు చూచుచు కూర్చున్న ప్రయాణికుని వంటివాడు. అతని యోర్పు మెచ్చదగినదే. పంటు మాత్రము రాదు. ఉత్సాహము నడకకు కారణమని మనము తలంచుచున్నాము. ఈ రోగమునందు అది నడకకు కార్యము. కాళ్ళు ముందు కదలవలెను. మనస్సు వెనుక, కొంత ఆలస్యముగా, ఒక్కొక్కప్పుడు కొన్ని వారముల యాలస్యముతో, సణుగుచు వచ్చును.

విషాదమునకు దేహముతో గల సంబంధమును మన పూర్వులు ఎరుగనివారు కారు. కురుక్షేత్రమున అర్జునునకు కలిగిన దుఃఖమును వర్ణించుచు వ్యాసుడు అవయవములు పట్టుదప్పుటను, నోరెండుటను, ఒడలు వణకుటను, చేతినుండి విల్లు జారుటను చెప్పెను. తుదకు అంతటి మహారథుడు రథముపై చతికిలబడుటతో ఆ వర్ణన ముగియును. విషాదమనగా కూర్చుండిపోవుట యని కవి కన్ను పట్టినది. చరకసంహిత రోగమును పెంచు వానిలో విషాదమును అగ్రస్థానమున నిలిపినది. వ్యాయామమువలన కలుగు లాభములను ఎన్నుచు దేహలాఘవము, కార్యసామర్థ్యము, స్థైర్యము అను వానితోపాటు దుఃఖమును సహించు శక్తిని గూడ లెక్కించినది. ఇంతమాత్రమున నేటివారు కనుగొన్నదంతయు మన తాళపత్రములలో ఏనాడో కలదని చంకలు కొట్టుకొనుట నా యుద్దేశము కాదు. ఒక మంచిమాట చెప్పియుంచుట వేరు. వందలమంది రోగులను ఎదుట నిలిపి, తూచి, లెక్కగట్టి, ఆ మాట ఎంతవరకు నిలుచునో తేల్చుట వేరు.

ఆ లెక్కలలో నొకటి మన పశ్చిమ గోదావరి జిల్లాలోనే జరిగినది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు జిల్లాలోని 30 గిరిజన గ్రామములలో ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్లనిచ్చి, ఇంటింటికి పంపి, నిద్ర ఎట్లున్నది, ఆశ ఎట్లున్నది, దేనిమీదనైన ఆసక్తి కలుగుచున్నదా అని పెద్దలనందరిని అడిగించిరి. 2017లో ప్రకటింపబడిన ఫలితము ప్రకారము 5,007 మందిని ప్రశ్నింపగా కుంగుబాటు, ఆందోళన వంటి బాధలతో వైద్యునొద్దకు పంపదగినవారు 238 మంది తేలిరి. వారిలో అంతకుముందు మనోవైద్యమను దాని నెరిగినవారు ఇద్దరు. ఆ కార్యకర్తలు తిరిగిన తరువాత ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు వెళ్ళినవారు 30 మంది. ఇద్దరు ముప్పదిమంది యగుట గొప్ప సంగతియే. అయినను మిగిలినవారు ఇండ్లలోనే యుండిపోయిరి గదా. వారికొరకును, వారివంటి మైదానపు గ్రామములవారి కొరకును, వైద్యుడు అందువరకు, అందిన తరువాత గూడ, ఇంటివారి చేతిలో నుండదగిన సాధన మేదియను ప్రశ్నకు సమాధానముగానే నేను నడకను గూర్చి వ్రాయుచున్నాను.

1999లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు 50 ఏండ్లు దాటిన 156 మంది కుంగుబాటు రోగులను మూడు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు సెర్ట్రలిన్ అను మందును, ఒక వర్గమునకు వారమునకు మూడుమారులు పర్యవేక్షణలో నడక, పరుగు వంటి వ్యాయామమును, ఇంకొక వర్గమునకు రెండింటిని ఇచ్చి 16 వారములు చూచిరి. తొలివారములలో మందు త్వరగా పనిచేసినది. గడువు ముగియునప్పటికి మూడు వర్గములును ఇంచుమించు ఒకే మెట్టుమీద నిలిచినవి. మరి ఆరు నెలలకు విచారింపగా, వ్యాయామముతో కోలుకొన్నవారిలో రోగము తిరుగబెట్టుట తక్కువగా కనబడినది. ఈ వార్త విని మందుబిళ్ళలను గోదావరిలో గలుపుటకు బయలుదేరు తొందరపాటువారికి ఒక మాట చెప్పవలెను. ఆ పరీక్షకు వచ్చినవారు వ్యాయామము చేయుటకు సంసిద్ధులై తమంత తాము వచ్చినవారు. వారిని పిలిచి, నిలబెట్టి, చేయించినవారుండిరి. 2013లో కాక్రేన్ సంస్థవారు అప్పటివరకు జరిగిన పరీక్షలన్నిటిని వడపోసి, మేలు నిజమే గాని నియమములు కఠినముగా పాటించిన పరీక్షలలో ఆ మేలు చిన్నదిగా కనబడుచున్నదనిరి. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన సమీక్ష 218 పరీక్షలను, 14,170 మంది రోగులను లెక్కలోనికి తీసికొని, నడక, పరుగు, యోగాభ్యాసము, బరువులెత్తుట, నృత్యము ఇవి యన్నియు చెప్పుకొనదగినంత ఉపశమనము నిచ్చుననియు, శ్రమ తీవ్రత పెరిగినకొలది ఫలము పెరుగుననియు తేల్చెను. ఆధారముల నాణ్యత ఉండవలసినంత లేదని ఆ సమీక్షకులే ఒప్పుకొనిరి. కనుక వ్యాయామము అమృతము కాదు. మంచి మందులలో నొకటి, అంతే.

అది మెదడులో నేమి చేయునను కథలు పత్రికలవారికి ప్రియమైనవి. ఎండార్ఫిన్లు ఊటలుగా పొంగునని వారు వ్రాయుదురు. నా కంతకంటె నమ్మదగినవిగా తోచునవి మూడు సామాన్య విషయములు. నడిచినవానికి నిద్ర పట్టును. నడుచువాడు మనుష్యుల కంటబడును. నడిచి వచ్చినవాడు ఆనాడు ఒక పనిని మొదలుపెట్టి ముగించినవాడగును. చేసినదే తలచి, పోయినదే తలచి, పశువు నెమరువేసినట్లు దుఃఖమును నమలుచుండు మనస్సునకు ఈ మూడవది చిన్న విషయము కాదు. గోవాలో మనోవైద్యుడు విక్రమ్ పటేల్, ఆయన సహచరులు చేసిన ప్రయోగము దీనికి దగ్గరగా నున్నది. వైద్యులు కాని సామాన్యులకు శిక్షణ యిచ్చి, తీవ్రమైన కుంగుబాటు గలవారితో ఆరేడు మారులు కూర్చుండజేసి, మానివేసిన పనులను ఒక్కొక్కటిగా తిరిగి పట్టించిరి. 2017లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన ఫలితములలో, మూడు నెలలకు, ఈ సహాయము పొందినవారిలో 64 శాతము, పొందనివారిలో 39 శాతము కోలుకొనిరి. అక్కడ చేయించినది కసరత్తు కాదు, కదలిక. పెరటిలో మొక్కకు నీరు పోయుట, అక్కయ్య యింటికి పోయివచ్చుట, అంతే.

మా మేనమామగారి సంగతి ఇచ్చట చెప్పుకొందును. ఆయన కోనసీమలో కాలువనానుకొన్న పల్లెలో ఉండెడివాడు. పెద్దకుమారుడు అమెరికాలో, రెండవవాడు హైదరాబాదులో స్థిరపడిన తరువాత, నాలుగెకరముల చేనును రొయ్యల చెరువులవారికి లీజుకిచ్చి, ఏటేట రొక్కము బాంకులో పడుచుండగా, పైన కాలుపెట్టువాడు లేని రెండంతస్తుల యింటిలో, వసారాలో మడతమంచముపై స్థిరపడెను. అంతకుపూర్వము నలుబదియేండ్లు ఆయన ప్రతిదినము తెల్లవారకముందే లేచి, పంచె ఎగగట్టి, పార భుజమున వేసికొని, నీరు కట్టుటకో, గట్టు చూచుటకో, ఏమియు లేకున్న ఊరక చేనిని కన్నులార చూచి వచ్చుటకో నడచెడివాడు. దానికి వ్యాయామమను పేరు ఎవరును పెట్టలేదు. ఆ నాలుగెకరములతోపాటు నాలుగుమైళ్ళ నడకయు లీజునకు పోయినదని మాకెవ్వరికి తోచలేదు. ఆరునెలలలో ఆయన మాట తగ్గెను, పేపరు చదువుట మానెను, గడ్డము పెరిగెను. "ఏంటి మామయ్యా, ఒంట్లో బావుండటం లేదా?" అని అడిగినచో, "ఏం లేదురా, బానే ఉన్నాను" అని గోడవైపు తిరిగెడివాడు.

మా అత్తయ్య చదువుకొన్నది కాదు. ఒకనాటి సాయంకాలము ఆమె, "పాలబ్బాయి మానేశాడండీ, రేపటినుంచి లాకుల దగ్గర కేంద్రానికెళ్ళి తెచ్చుకోవాలి, నా మోకాళ్ళు చూస్తే ఇలా ఉన్నాయి" అని, చేతికి స్టీలు క్యాను ఇచ్చినది. లాకులు ఇంటికి మైలున్నర. ఆయన విసుగుకొనెను, కాఫీ లేకపోయిన పరవాలేదనెను, తెల్లవారి కాఫీ లేకుండుట చూచి, లేచి చెప్పులు తొడిగెను. మొదటినాడు దారిలో తూముగట్టుపై రెండుమారులు కూర్చుండి వచ్చెనట. వారమునకు ఒకమారు కూర్చుండుట తగ్గెను. మూడవ వారమున రెండురోజులు వెళ్ళకపోగా, పాలకేంద్రమువద్ద చేరు వృద్ధులలో నొకరు సైకిలుపై వచ్చి "ఏమండోయ్, కనపడ్డం లేదు?" అని వీధిలోనుండియే కేకవేసిరి. నా యూహలో చికిత్సయంతయు ఆ కేకలో నున్నది. పాలబ్బాయి తనంత తాను మానలేదనియు, రావద్దని అతనికి చెప్పినది తానేననియు అత్తయ్య మాతో చెప్పినది మరుసటి సంక్రాంతికి.

ఆమె చేసిన పనిలో పుస్తకములకెక్కదగిన నాలుగు లక్షణములున్నవి. వేళ స్థిరము, పాలకేంద్రము ఎవరికొరకును నిలువదు. పనికి తుది కలదు; క్యాను నిండినచో తిరిగి రావచ్చును. దారిలో మనుష్యులు కలరు. అన్నిటికంటె ముఖ్యము, "నీ ఆరోగ్యము కొరకు నడువుము" అని ఆమె యనలేదు. తన బ్రదుకునకే విలువ తోచని స్థితిలో నున్నవానికి తన యారోగ్యము ఒక కారణముగా తోచదు. ఇంటికి కాఫీ కావలెననునది తోచును. కనుక కుంగినవానిని లేవదీయదలచిన యింటివారు వ్యాయామమును గాక ఒక పనిని అతని ఎదుట నుంచవలెను. కూరలు తెచ్చుట, మనుమరాలిని బడికి దిగబెట్టుట, సాయంకాలము గుడికో ప్రార్థనమందిరమునకో తోడువచ్చుట, ఏదైనను సరియే. "రోజంతా అలా పడుకుంటే ఎలా, లేచి నాలుగడుగులు వెయ్యరాదూ, నీకేం తక్కువని" అను మాట మనయిండ్లలో ప్రేమతోనే పుట్టును; వినువానికి అది, నీ రోగము నీ సోమరితనమని చెప్పినట్లుండును. "నేను కాలువ దాకా వెళ్తున్నాను, ఒక్కణ్ణీ ఏం పోతాను, తోడు రారాదూ" అను మాట పొడవులో దానికి సమానమే.

ఎంత నడువవలెనను ప్రశ్నకు సుశ్రుతుని మాట నాకు నచ్చినది. తనకు గల బలములో సగముమేరకే వ్యాయామము చేయవలెనని ఆయన నియమము. నుదుట చెమట పట్టి, ఊపిరి నోటికి వచ్చినచో సగము చేరినట్లు గుర్తు. కుంగుబాటున నున్నవాడు దీనికి ఒక సవరణ చేసికొనవలెను: సగము కొలువవలసినది పూర్వపు బలములో గాదు, నేటి బలములో. ఒకప్పుడు పదిమైళ్ళు నడచినవాడు నేడు వీధిగుమ్మము దాటి, మూలమీది కిళ్ళీకొట్టు వరకు పోయి వచ్చినచో నేటికది చాలును. మొదటి వారము అయిదు నిమిషములు, పది నిమిషములు. రెండు నెలలు గడచునప్పటికి అరగంటనుండి ముప్పావుగంట, వారమునకు మూడు దినములకు తగ్గకుండ. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో పెద్దలందరికి సూచించిన కొలత వారమునకు 150 నిమిషములనుండి 300 నిమిషములు. అది గమ్యము, ప్రారంభము కాదు. వేగమునకు మీటరులు, గడియారములు అక్కరలేదు. ప్రక్కవానితో మాటాడగలిగి, పాట పాడలేని వేగము సరియైన వేగము. మా డెల్టా భూమి అరచేయివలె సమతలము. ఎత్తుపల్లములు లేనందున ఎంతదూరము నడచినను గుండెకు పనిలేకుండ నడువవచ్చును. కొండనేలవారికి ఏటవాలు చేయు పనిని మనకు వేగము చేయవలెను. రాజమహేంద్రవరమువారు నెలకొకసారి కోరుకొండ నరసింహస్వామి మెట్లెక్కుట ఇందుకు మంచి యుపాయము. అవి వందల మెట్లు, సగములో ఆగుటకు సిగ్గుపడనక్కరలేదు.

మిగిలిన దినములకు కాలువగట్టు కలదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత కాటన్‌దొర కాలువలు నీటికొరకే గాక పడవలకొరకు గూడ పనిచేసినవి. గాలి లేనప్పుడు పడవవాండ్రు గట్టుపై నడుచుచు తాడుతో పడవలను లాగెడివారు. అనగా మన కాలువగట్లు నడచువారి పాదములకొరకే పుట్టినవి. పడవ పోయినను బాట మిగిలినది. అయితే చీకటితో బయలుదేరువారు చేతిలో టార్చిలైటును, ఒక కర్రను ఉంచుకొనవలెను. ఊడ్పుల కాలమున గట్లపై కట్లపాములు తిరుగును. రాజమహేంద్రవర నగరమున గోదావరిగట్టు ఉన్నది. పుష్కరఘాటునుండి కోటిలింగాల రేవువరకు తెల్లవారుజామున నడచువారిని చూచిన, ఒంటరియైనవానికి గూడ జనములో నున్నట్లుండును.

రోహిణీకార్తెలో సూర్యోదయమైన అరగంటకు నడక మానుట మంచిది. అప్పటి యుక్క నడచినవానిని చంపును గాని బాగుచేయదు. ఇంతకంటె ప్రమాదకరమైనది ముసురు. ఆషాఢశ్రావణములలో వరుసగా వారముదినములు చినుకు పట్టి, వీధులు బురదయై, వెలుతురు లేక, మనస్సు సహజముగానే దిగులుపడు కాలమున నడక తెగును. తెగిన నడకను తిరిగి అతికించుట కష్టము. మా మామయ్యకు జరిగినదదియే. తొమ్మిది దినములు పాలకేంద్రమునకు పోలేదు. పదవనాడు అన్నము మానెను. ముసురునకు వేరుగా ఒక ఏర్పాటు ముందే చేసికొనవలెను: వసారాలో ఇటునుండి అటు లెక్కపెట్టి నడచుట, మేడమెట్లు పదిమారులు ఎక్కిదిగుట, లేదా గదిలోనే దండీలు, బస్కీలు తీయుట. వయసు మళ్ళినవారు కుర్చీలో కూర్చుండి, చేతులు మోపక, లేచి కూర్చుండుట పదేసిమారులు చేసినను అది బస్కీయే. వినాయకుని యెదుట గుంజీళ్ళు తీయని తెలుగువాడు లేడు గనుక కొత్తగా నేర్వవలసినది గూడ లేదు. కండరములకు బలమిచ్చు కసరత్తు నడకకు అంతగా తీసిపోదని పైన చెప్పిన 2024 సమీక్ష తేల్చినది. తాలింఖానాలలో కర్రసాము చేసిన తాతలు ఈ వార్త వినియుండిన ఆశ్చర్యపడెడివారు కారు. అమలాపురమున దసరానాడు కళ్ళకు గంతలు కట్టుకొని చేయు చెడీ తాలింఖానా విన్యాసములు చూచిన వారెవరైనను ఆ కళ్ళగంతల వెనుక విషాదమునకు చోటున్నదని అనుకొనలేరు.

స్త్రీల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. పల్లెలో మగవాడు పంచె ఎగగట్టి గట్టున నడచిన "వాకింగు", నడివయసు ఇల్లాలు ఒంటరిగా నడచిన "ఎక్కడికమ్మా?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పు ఓపిక కుంగినవారికి ఉండదు. వారికి మన యాచారములే కొన్ని త్రోవలు ఉంచినవి. గుడిచుట్టు 108 ప్రదక్షిణములు చేయుటను ఎవరును ప్రశ్నింపరు. చిన్న గుడియైనను అది అరగంట నడక. అంతకంటె మేలైనది కోలాటము. ఇటీవల మన జిల్లాల పల్లెలలో స్త్రీలు జట్లుకట్టి, ఒకే రంగు చీరలు కట్టుకొని, గురువును పెట్టుకొని సాయంకాలములు కోలాటమాడుచున్నారు. అందులో లయ కలదు, చెమట కలదు, తప్పిన అడుగుకు నవ్వు కలదు, ఒకరు రాకపోయిన జట్టు కుంటుపడును గనుక పిలుపు కలదు. నృత్యమునకు పెద్ద ఫలము కనబడినదని చెప్పిన పరిశోధకులు కోలాటమును చూచియుండరు, చూచిన సంతోషించియుందురు.

ఇక ఊడ్పులలో పగలంతయు నడుము వంచి బురదలో నిలిచిన స్త్రీకి కుంగుబాటు కలిగినప్పుడు "కాస్త నడవమ్మా" అని చెప్పు వైద్యుని నేను క్షమింపలేను. ఆమెకు కదలిక తక్కువై రోగము రాలేదు. తీరికవేళ ఇష్టముతో చేయు కదలికకు కనబడిన మేలు కూలిగా చేయు శ్రమకు పరిశోధనలలోనైనను అంతగా కనబడలేదు. ఆమెకు కావలసినది విశ్రాంతి, వేళకు కూలిడబ్బు, తాగివచ్చి కొట్టని మగడు, మాట వినువారు, అవసరమైనచో మందు. కువైట్‌లో నాలుగిండ్ల చాకిరి చేసి పిల్లలకు డబ్బు పంపుచున్న తల్లికిని ఇదియే మాట. ఈ యధ్యాయములోని సలహా ప్రధానముగా కూర్చుండిపోయినవారికి. దానిని అందరిమీద రుద్దుట వైద్యము గాదు.

కూర్చుండిపోయినవారిలో గూడ కొందరికి నడక రెండవ మెట్టు. చచ్చిపోయిన బాగుండునను తలంపు వచ్చుచున్నదని చెప్పినవానిని, చెప్పకపోయినను ఆస్తుల కాగితములు అప్పగించుట, వీడ్కోలు మాటలు మాటాడుట చేయుచున్నవానిని, వ్యాయామమని గట్టుమీదకు ఒంటరిగా పంపరాదు. ప్రక్కన ఒకరుండి, ఆనాడే వైద్యునొద్దకు కొనిపోవలెను. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రివంటి పెద్ద ఆసుపత్రులలో మానసిక వైద్యవిభాగము లుండును. కదలలేనిచోట 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో టెలి-మానస్ వారు రాత్రింబగళ్ళు తెలుగులో మాటాడుదురు, డబ్బు పుచ్చుకొనరు. కుంగుబాటునకు ముందో వెనుకో మితిమీరిన ఉత్సాహము, నిద్ర అక్కరలేకపోవుట, డబ్బు వెదజల్లుట జరిగియుండినచో అది వేరు రోగము; వైద్యునికి ఆ మాట తప్పక చెప్పవలెను. గుండెజబ్బు కలవారు వేగము పెంచుటకు ముందు, మధుమేహమునకు ఇన్సులిన్ వేసికొనువారు పరగడుపున నడుచుటకు ముందు, తమ డాక్టరును అడుగవలెను. కుంగుబాటునకు వాడుచున్న బిళ్ళలను, నడక బాగున్నదని, తమంత తాము మానరాదు.

నడచిన దినములను వ్రాసికొనుట మంచిదని పుస్తకములలో నుండును. కుంగినవాడు డైరీ వ్రాయడు. కాని మన యిండ్లలో వంటగది గోడకు తిథివారనక్షత్రముల క్యాలెండరు వేలాడుచుండును; పాలు రాని దినమున అందులో సున్న చుట్టుట ఇల్లాండ్రకు అలవాటు. ఆ క్యాలెండరులోనే నడచిన దినమున ఒక అడ్డగీత గీసిన చాలును. సున్నలు వచ్చినందుకు తనను తాను నిందించుకొనరాదు. పాలవాడు రాలేదని ఎవరైన పాలు త్రాగుట మానుదురా? వరుసగా మూడు సున్నలు వచ్చినప్పుడు మాత్రము ఇంటివారెవరైనను చెప్పులు తొడిగి, తోడు వచ్చుటకు సిద్ధపడవలెను.

ఆ ముసురు వెళ్ళిన తరువాత మామయ్యను కాకినాడకు తీసికొనిపోయితిమి. ఆ డాక్టరు యువకుడు. అన్నియు విని, బిళ్ళలు వ్రాసియిచ్చి, "మందు మానొద్దు, పాలు తేవడమూ మానొద్దండి" అనెను. ఏది ఎంత పనిచేసినదో విడదీసి చెప్పుట నా తరము కాదు. కార్తికమాసములో నేను వెళ్ళునప్పటికి ఆయన లాకుల దగ్గర బెంచీమీద కూర్చుండి, రొయ్యల ధర పడిపోవుటను గూర్చి ఎవరితోనో గట్టిగా వాదించుచుండెను. ఇంటికి వచ్చుచు త్రోవలో, "ఇప్పుడెలా ఉంది మామయ్యా?" అని అడిగితిని. క్యాను ఆ చేతినుండి ఈ చేతికి మార్చుకొని కొంతదూరము నడచిన పిదప ఆయన యిట్లనెను: "ఏమోరా, బాగుపడ్డానో లేదో నాకు తెలీదు. పాలు మాత్రం రోజూ వస్తున్నాయి."